పాత కారు ఇంజన్ పెద్ద పని ఇంట్లోనే చేసుకోవడం: కోరాపుట్, రాయగడ వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, కోరాపుట్, సునాబెడ, జయపురం, పర్లాకిమిడి. ఒడిశాలోని ఈ ఊళ్లలో తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఇప్పటికీ మారుతి 800లు, ఓమ్నీలు, అక్కడక్కడ అంబాసిడర్లు నిలబడి ఉంటాయి. వాటి వయసు పదిహేనేళ్ల నుంచి ముప్పై ఏళ్ల దాకా ఉంటుంది. కంపెనీ సర్వీస్ సెంటర్లు వాటిని పెద్దగా పట్టించుకోవు. వాటిని బాగా ఎరిగిన మేస్త్రులు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. అందుకే సొంతంగా పానా పట్టుకునేవాళ్లు పెరిగారు. వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా మారుతి 800 చుట్టూ తిరుగుతాయి. పద్ధతి మాత్రం ఏ పాత పెట్రోల్ ఇంజన్‌కైనా ఒకటే.

నేను మెకానిక్‌ని కాదు. ఇంజన్ పని నా వల్ల అవుతుందా?

చాలా పనులు అవుతాయి. ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య సందు పెట్టడం), థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ నీళ్ల దారి తెరిచే భాగం), వాటర్ పంపు, టైమింగ్ బెల్టు (పిస్టన్ల కింది క్రాంక్ ఇరుసుకూ వాల్వులు తెరిచే క్యామ్ ఇరుసుకూ జత కలిపే బెల్టు), హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య వేసే పొర), వాల్వ్ ల్యాపింగ్ (వాల్వ్‌ను దాని సీటుకు అతికేలా పేస్టుతో రుద్దడం) ఓపికగల మనిషి ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనులే. మారుతి 800 ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, ఆరు వాల్వులు. దాని హెడ్‌ను ఒక్కరే రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టవచ్చు. నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన ఇంజన్ మన దేశంలో లేదని నా అభిప్రాయం.

బోర్ చేయించడం (సిలిండర్ లోపలి గోడను కోసి పెద్దది చేయడం), క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ప్లేనింగ్ (హెడ్ అడుగును సమంగా కోయడం), వాల్వ్ సీట్లు వేయించడం లేత్ షాపు పనులు. వాటిని ఇంట్లో చేయాలని చూడకండి. పిస్టన్ రింగులు, బేరింగులు ఈ రెండు రకాలకూ మధ్యలో వస్తాయి. వాటిని మొదటిసారే మొదలుపెట్టవద్దు. ముందు ఒకసారి హెడ్ దించి, తిరిగి బిగించి, ఆ కారు మీద ఘాట్ ఎక్కి దిగాక అప్పుడు ఆలోచించండి.

బండి లాగడం లేదు. మేస్త్రి "ఇంజన్ పని ఉంది" అన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు కొలవండి, విప్పడం తర్వాత. నేను ఈ పేజీలో గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. "ఇంజన్ పని ఉంది" అన్న మాట మీద హెడ్ దించేసి, తర్వాత ఇంజన్ బాగానే ఉంది, తప్పు కార్బురేటర్‌దో డిస్ట్రిబ్యూటర్‌దో అని తెలిస్తే కొత్త గాస్కెట్ డబ్బులూ, నాలుగు రోజులూ పోతాయి. పైగా ముప్పై ఏళ్లుగా కదలని బోల్టులను అనవసరంగా కదిపినవాళ్లమవుతాం.

సిలిండర్‌లోని ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఒకటి కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. పెద్ద ఖర్చు కాదు. ఇంజన్ వేడెక్కాక ఆపి, స్పార్క్ ప్లగ్‌లు అన్నీ తీసేయండి. ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకండి. ఎంపీఎఫ్ఐ మోడల్ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం) అయితే పెట్రోల్ కూడా రాకుండా చేయాలి. గేజ్‌ను ఒక రంధ్రంలో బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, సెల్ఫ్ కొట్టండి. ముల్లు పైకెళ్లి ఆగేదాకా, అంటే ఐదారు తిరుగుళ్లు చాలు. మూడు సిలిండర్లకూ ఇలాగే చేసి కాగితం మీద రాసుకోండి.

ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజన్ సాధారణంగా 150 నుంచి 180 పీఎస్ఐ చూపిస్తుంది. ఈ అంకెలు సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లవి. కోరాపుట్, సునాబెడ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే పదో వంతు తక్కువ. విజయనగరంలో 160 చూపించిన ఇంజన్ సునాబెడలో 145 దగ్గర ఆగుతుంది. దాన్ని చూసి రింగులు అరిగాయని ఎవరైనా అంటే నమ్మకండి. అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నీ 140, 145, 142 ఉంటే దిగులు లేదు. ఒకటి 145, ఒకటి 140, మూడోది 95 ఉంటే ఆ మూడోదాంట్లో రోగం ఉంది.

తక్కువ చూపించిన సిలిండర్‌లో ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోర్ అరిగాయని అర్థం. ఆ ఆయిల్ కాసేపు రింగుల చుట్టూ సందులు మూసింది. పెరగకపోతే వాల్వులదో గాస్కెట్‌దో తప్పు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే వాటి మధ్య గాస్కెట్ కాలిపోయిందనుకోవచ్చు. ఈ పదిహేను నిమిషాల పరీక్ష చేయకుండా ఎవరినీ మీ ఇంజన్ విప్పనివ్వకండి, మిమ్మల్ని మీరు కూడా.

పొగ రంగు చూసి ఏం చెప్పవచ్చు?

నల్ల పొగ అంటే పెట్రోల్ ఎక్కువ కాలుతోంది. చోక్ ఇరుక్కుపోయి ఉండవచ్చు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు. ఇది ఇంజన్ విప్పే పని కాదు.

నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఇక్కడ మన ఘాట్ రోడ్డే మంచి పరీక్ష. కోరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు దిగేటప్పుడు సెకండ్ గేరులో యాక్సిలరేటర్ వదిలేసి చాలాసేపు వస్తాం కదా, అప్పుడు ఇంజన్ లోపల లాగుడు ఎక్కువగా ఉండి వాల్వ్ కాడలు కదిలే గైడుల సందుల్లోంచి ఆయిల్ లోపలికి వస్తుంది. దిగువకు వచ్చి యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారి గుప్పున నీలం పొగ వచ్చి తగ్గిపోతే వాల్వ్ ఆయిల్ సీల్స్ పోయాయని అర్థం. అదే ఘాట్ ఎక్కేటప్పుడు, బండి బరువు లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తూనే ఉంటే రింగుల మీద అనుమానం పెట్టుకోవాలి. మొదటిది హెడ్ దించితే తీరిపోయే పని. రెండోది పిస్టన్ల దాకా వెళ్తుంది. ఖర్చులో చాలా తేడా ఉంది కాబట్టి వెనక సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి జాగ్రత్తగా చూడమనండి.

తెల్ల పొగ చలికాలం ఉదయాన్నే వస్తే అది ఆవిరే. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే రేడియేటర్‌లోని కూలెంట్ సిలిండర్లలోకి కారుతోంది.

ఆయిల్ పోసే మూత కింద మీగడలా తెల్లగా ఉంది. హెడ్ గాస్కెట్ పోయినట్టేనా?

వెంటనే అలా అనుకోకండి. డిసెంబర్, జనవరిల్లో కోరాపుట్, దమన్‌జోడి వైపు పొగమంచు, చలి బాగా ఉంటాయి. బండిని రోజూ రెండు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకో, బజారుకో మాత్రమే తీస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆయిల్‌తో కలిసి ఆ మూత దగ్గర పేరుకుంటుంది. తుడిచేసి, ఒక ఆదివారం బండిని గంటసేపు బాగా నడిపి చూడండి. మళ్లీ రాకపోతే అది తేమే.

ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ మీద కూడా ఆయిల్ పాలు కలిసిన టీ రంగులోకి మారి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ ఉంటే మాత్రం బండి కదపకండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. మరో గుర్తు: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయిస్తే, మొదటి నిమిషం నుంచే ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి వెళ్తోంది.

ఘాట్ ఎక్కితే చాలు, ఇంజన్ వేడెక్కిపోతుంది. గాస్కెట్ మార్చాలా?

గాస్కెట్ ఆ వేడికి కారణం కావచ్చు, ఆ వేడి వల్ల పోయినది కూడా కావచ్చు. కారణం తీయకుండా గాస్కెట్ మారిస్తే రెండు నెలల్లో మళ్లీ అదే పని చేయాల్సి వస్తుంది. కాబట్టి కింది వరుసలో చూడండి.

రేడియేటర్ మూతతో మొదలుపెట్టండి. అతి చవకైన భాగం, అందరూ మర్చిపోయే భాగం. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది. అది లోపల నిలిపి ఉంచే ఒత్తిడి. కోరాపుట్ ఎత్తులో మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 0.9 మూత సరిగా పట్టి ఉంటే అవే నీళ్లు 115 దాటేదాకా మరగవు. మూత రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు. సాలూరులో బాగానే ఉన్న బండి పొట్టంగి చేరేసరికి ఆవిర్లు కక్కడం ఇందుకే. ఎత్తు పెరిగే కొద్దీ, లోడు పెరిగే కొద్దీ ఆ మూత పని పెరుగుతుంది. కొత్తది వేసేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకెదే వేయండి. ఎక్కువ అంకె వేస్తే పాత రేడియేటర్, పాత పైపులు తట్టుకోలేవు.

తర్వాత థర్మోస్టాట్. దాన్ని తీసి గిన్నెలో నీళ్లు పోసి, వంట థర్మామీటర్ పెట్టి మరిగించండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర, అంటే సాధారణంగా 82 లేదా 88 దగ్గర, తెరుచుకోవడం మొదలవ్వాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, తీసేయ్" అని చాలా షెడ్డుల్లో సలహా ఇస్తారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకిని. థర్మోస్టాట్ లేని ఇంజన్ చలికాలంలో ఎప్పటికీ సరైన వేడికి రాదు. పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, బోర్ త్వరగా అరుగుతుంది, మూత కింద ఆ తెల్ల మీగడ కూడా ఎక్కువవుతుంది.

కార్బురేటర్ మారుతిలో ఫ్యాన్ తిరగకపోతే, ఇగ్నిషన్ ఆన్ చేసి, వేడిని బట్టి ఫ్యాన్‌ను తిప్పే థర్మో స్విచ్ రెండు వైర్లనూ పీకి ఒకదానికొకటి తగిలించండి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయింది, తిరగకపోతే మోటారో ఫ్యూజో పోయింది. అంబాసిడర్‌లో అయితే ఫ్యాన్ బెల్టు వదులు చూడాలి. రేడియేటర్ రెక్కల మధ్య ఎర్రమట్టి, పురుగులు పట్టి ఉంటే ఇంజన్ వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టండి. గట్టి ప్రెషర్‌తో కొడితే రెక్కలు వంగిపోతాయి.

బోరు నీళ్లు పోయకండి. ఉప్పు తేలి లోపల పొర కడుతుంది. బ్యాటరీ నీళ్లుగా అమ్మే శుద్ధమైన నీరు, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి, పిల్లలు ముట్టుకుంటారు. కింద ఒలికితే వెంటనే కడిగేయండి.

హెడ్ గాస్కెట్ నేనే మార్చుకుంటాను. ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించండి. బోల్టులు ఎంత బిగించాలి, ఏ వరుసలో బిగించాలి అన్నది అందులో ఉంటుంది. కార్బురేటర్ మోడల్ అంకెలు ఎంపీఎఫ్ఐ మోడల్‌కు వాడకండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. మారుతి 800లో బ్లాకు ఇనుముది, హెడ్ అల్యూమినియంది. వేడిగా ఉన్నప్పుడు విప్పితే హెడ్ వంగుతుంది. రాత్రంతా వదిలేసి ఉదయం మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు పీకండి. ప్రతి వైరుకూ, ప్రతి వాక్యూమ్ గొట్టానికీ టేపు అంటించి పేరు రాయండి. ఫోనుతో ఫొటోలు తీయండి, నాలుగు వైపుల నుంచీ. రాకర్లు, వాల్వులు ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే వెళ్లాలి. అట్టముక్కకు రంధ్రాలు పెట్టి, వరుసగా గుచ్చి, ఏది ఏ సిలిండర్‌దో పెన్సిల్‌తో రాయండి.

విప్పే ముందు ఒకటో నంబరు పిస్టన్‌ను పైకి తెచ్చి, క్రాంక్ గుర్తు, క్యామ్ గుర్తు కలిసి ఉన్నాయో లేదో చూసుకోండి. బోల్టులు వదులు చేసేటప్పుడు బయటి చివర్ల నుంచి మధ్యకు, ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున పలు విడతల్లో వదులు చేయాలి. బిగించేటప్పుడు దానికి సరిగ్గా ఎదురు, మధ్య నుంచి బయటికి.

హెడ్ అంటుకుని రాకపోతే స్క్రూ డ్రైవర్ దూర్చి లేపకండి. అల్యూమినియం మీద పడిన ఆ గాటు గుండానే రేపు నీళ్లు కారతాయి. చెక్క సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టండి. అన్ని బోల్టులూ తీశారా అని మరోసారి లెక్కపెట్టండి.

శుభ్రం చేయడంలోనే ఎక్కువ పనులు పాడవుతాయి. పాత గాస్కెట్ ముక్కలను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో, ఓపికగా, ద్రావకం రాసి నానబెట్టి తీయండి. డ్రిల్లుకు ఎమరీ బిళ్ల తగిలించి రుద్దేవాళ్లున్నారు. ఆ బిళ్ల పొడి బేరింగుల్లోకి వెళ్తే కొత్త ఇంజన్ కూడా కొద్దిరోజుల్లో అరిగిపోతుంది. పైగా మెత్తని అల్యూమినియం మీద కనిపించని గుంతలు పడతాయి. సిలిండర్లలో శుభ్రమైన గుడ్డలు కుక్కి పని చేసి, తర్వాత అన్నీ తీశారో లేదో చూసుకోండి.

బ్లాకులో బోల్టు రంధ్రాల అడుగున నీళ్లు, ఆయిల్ మిగలకూడదు. బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. బ్లాకు పగిలిపోవచ్చు, లేదా బోల్టు బిగిసినట్టు అనిపించి అసలు హెడ్ నొక్కుకోదు. గాలి కొట్టి, సన్నగా చుట్టిన గుడ్డతో అడుగుదాకా తుడవండి.

ఇప్పుడు హెడ్ సమంగా ఉందా చూడాలి. నిక్కచ్చి ఉక్కు స్కేలు హెడ్ మీద నిలువుగా, అడ్డంగా, రెండు మూలల మధ్య ఏటవాలుగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకుల కట్ట) ఆకు దూర్చండి. 0.05 మిల్లీమీటర్ల ఆకు సులువుగా దూరితే హెడ్ లేత్‌కు వెళ్లాలి. బండి గట్టిగా వేడెక్కిన చరిత్ర ఉంటే, కొలత బాగున్నా లీక్ టెస్టు చేయించడం మేలు. వాల్వ్ సీట్ల మధ్య సన్నని పగుళ్లు కంటికి కనిపించవు.

కొత్త గాస్కెట్‌కు పై వైపు, ముందు వైపు గుర్తులు ఉంటాయి. ఆయిల్ దారి రంధ్రం కప్పబడకుండా చూడండి. దాని మీద అదనంగా ఏ బంకా రాయవద్దు, మాన్యువల్ రాయమంటే తప్ప. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. "చేతి అలవాటుతో తెలిసిపోతుంది" అనే మేస్త్రి వందల హెడ్లు బిగించి ఉంటాడు. మీకూ నాకూ ఆ చెయ్యి లేదు. చెప్పిన అంకెకు ఒకేసారి వెళ్లకుండా మూడు విడతల్లో చేరండి. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజన్ లాంటి వాటికి కొంత నడిపాక బోల్టులు మళ్లీ బిగించాలి, తర్వాత ట్యాపెట్లు మళ్లీ సెట్ చేయాలి. కొత్త తరం కార్లలో కొన్నింటికి సాగే రకం బోల్టులు ఉంటాయి, వాటిని రెండోసారి వాడకూడదు.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలి?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయి, ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే ఈ వారమే మార్చండి. కిలోమీటర్లు తక్కువే తిరిగింది అన్నది లెక్కలోకి రాదు. రబ్బరుకు వయసు కూడా ఉంటుంది. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండికి కూడా నాలుగైదేళ్లకు మార్చడం మంచిది. ఘాట్ మధ్యలో, ఫోన్ సిగ్నల్ లేని చోట బెల్టు తెగితే ఏమవుతుందో ఊహించుకోండి.

బెల్టుతో పాటే దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీల్స్ మార్చండి. చాలా ఇంజన్లలో వాటర్ పంపు కూడా బెల్టు వెనకే ఉంటుంది. అది కొద్దిగా ఊగుతున్నా అప్పుడే మార్చేయండి. కొత్త బెల్టు వేశాక సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్‌లు తీసేసి, క్రాంక్ బోల్టుకు పానా పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే అక్కడే ఆపండి, బలం పెట్టకండి. రెండు చుట్ల తర్వాత గుర్తులు మళ్లీ కలవాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా విప్పి మళ్లీ వేయండి.

అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజన్‌కు బెల్టు ఉండదు, చైన్ ఉంటుంది.

వాల్వ్ ల్యాపింగ్, ట్యాపెట్ సెట్టింగ్ ఇంట్లో కుదురుతాయా?

కుదురుతాయి, హాయిగా ఉండే పనులు కూడా. ముందు ముతక పేస్టు, తర్వాత మెత్తని పేస్టు రాసి, రబ్బరు కప్పు కర్రతో అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్య లేపి చోటు మారుస్తూ రుద్దాలి. వాల్వ్ అంచు చుట్టూ, సీటు చుట్టూ తెగకుండా ఒకే వెడల్పుతో బూడిద రంగు వలయం రావాలి. అయ్యాక స్ప్రింగులు బిగించి, హెడ్‌ను పక్కకు తిప్పి పోర్టులో కొంచెం పెట్రోల్ పోయండి. వాల్వ్ చుట్టూ చెమ్మ రాకపోతే బాగా కూర్చున్నట్టే. పేస్టు ఒక్క రేణువు కూడా మిగలకుండా కడగాలి.

వాల్వ్ అంచు బాగా పలచబడినా, గైడులో వాల్వ్ ఊగినా ల్యాపింగ్ వల్ల లాభం లేదు.

అంబాసిడర్ ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేక విషయం. 2000 ఫిబ్రవరి 1 నుంచి మన దేశమంతటా సీసం కలిపిన పెట్రోల్ ఆగిపోయింది. ఇనుప హెడ్‌లోనే నేరుగా కోసిన పాత సీట్లకు ఆ సీసమే ఒక పొరలా కాపు కాసేది. అది లేకపోవడంతో ఎగ్జాస్ట్ సీట్లు మెల్లగా లోపలికి అరిగిపోయి ట్యాపెట్ సందు తగ్గిపోతూ ఉంటుంది. మీ పాత అంబాసిడర్‌కు పదేపదే ట్యాపెట్ సందు తగ్గుతుంటే, హెడ్ దించినప్పుడు గట్టి సీటు రింగులు వేయించండి.

ట్యాపెట్ చప్పుడు పూర్తిగా పోవాలని బిగించేవాళ్లున్నారు. సందు లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, వేడి బయటికి పోదు, ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోతుంది. కొద్దిగా టిక్ టిక్ అనే ట్యాపెట్ వల్ల ప్రమాదం లేదు. మాన్యువల్ చెప్పిన సందు, చెప్పిన వేడిలో, ఫీలర్ గేజ్‌తో పెట్టి వదిలేయండి.

లేత్ షాపుకు వెళ్తే ఏం అడగాలి? ఎక్కడికి వెళ్లాలి?

జయపురం, రాయగడ, బరంపురంలో లేత్ షాపులు ఉన్నాయి. కొండ దిగితే సాలూరు ఉంది. అది లారీల ఊరు కాబట్టి ఇంజన్ పనికి చెయ్యి తిరిగినవాళ్లు అక్కడ దొరుకుతారు. అయితే లారీ హెడ్లు చేసే షాపుకు చిన్న మారుతి హెడ్ ఇచ్చేటప్పుడు, వీలైనంత తక్కువ మాత్రమే కోయమని విడిగా చెప్పండి. ఎక్కువ కోస్తే కంప్రెషన్ పెరిగిపోయి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ కొట్టుకుంటుంది.

బోర్ చేయించేటప్పుడు ముందు పిస్టన్లు కొని, వాటిని షాపుకు ఇచ్చి, వాటికి తగ్గట్టు బోర్ చేయమనండి. ఓవర్‌సైజ్ పిస్టన్లు సాధారణంగా 0.25, 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజుల్లో వస్తాయి. బోర్ కొలతలు పైన, మధ్యన, కింద ఎంత ఉన్నాయో కాగితం మీద రాసి ఇవ్వమని అడగండి. రాసి ఇవ్వని షాపులో పని చేయించకండి.

రింగులు మారిస్తే సరిపోతుందా, బోర్ చేయించాలా?

బోర్ పై అంచున గోరు పెట్టి పైకి లాగండి. గోరు మెట్టుకు తగిలి ఆగిపోతే అరుగుదల బాగా ఉంది. అలాంటి బోర్‌లో కొత్త రింగులు వేస్తే పై రింగు ఆ మెట్టుకు కొట్టుకుని విరుగుతుంది. మెట్టు లేకుండా, కొలత హద్దులో ఉంటే హోనింగ్ (బోర్ గోడను సన్నగా గరుకు చేయడం) చేసి రింగులు మార్చవచ్చు. ఒక్కో రింగును ఒంటరిగా బోర్‌లోకి దించి దాని చివర్ల మధ్య సందు కొలవండి. పిస్టన్‌కు ఎక్కించాక ఆ సందులు ఒకే వరుసలోకి రాకుండా చుట్టూ పంచండి. హోనింగ్ తర్వాత బోర్‌ను పెట్రోల్‌తో తుడిస్తే చాలదు. వేడి నీళ్లు, సబ్బుతో కడిగి, తెల్ల గుడ్డతో తుడిస్తే నలుపు అంటనంతవరకు మళ్లీ మళ్లీ కడిగి, వెంటనే ఆయిల్ రాయాలి.

వర్షాకాలంలో చేయవచ్చా?

వద్దు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కోరాపుట్ వైపు గాలిలో తేమ విపరీతం. విప్పిన బోర్ ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. తప్పనిసరైతే గోడలున్న గదిలో చేసి, ప్రతి సాయంత్రం ఇనుప ముఖాలన్నిటికీ ఆయిల్ రాసి, ప్లాస్టిక్ కప్పి ఉంచండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

ఇంట్లో చేసేటప్పుడు ప్రాణాపాయం ఎక్కడ?

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందకు ఎప్పుడూ దూరకండి. రెండు గట్టి స్టాండ్లు పెట్టి, మిగతా చక్రాలకు దుంగలు అడ్డం పెట్టి, బండిని చేత్తో ఊపి చూశాకే కిందకు వెళ్లండి. ఇటుకలు, సిమెంటు బ్లాకులు స్టాండ్లు కావు, ఒక్కసారిగా పగిలిపోతాయి. వేడి రేడియేటర్ మూత తీయకండి. ఎంపీఎఫ్ఐ బండిలో పెట్రోల్ పైపులో ఇంజన్ ఆపాక కూడా ఒత్తిడి ఉంటుంది. ఇంజన్ దించాల్సి వస్తే చెట్టు కొమ్మకు కట్టకండి, చైన్ బ్లాక్ అద్దెకు తెచ్చి గట్టి దూలానికి వేయండి. పని జరిగే చోటికి పిల్లల్ని రానివ్వకండి. మీరు బండి కింద ఉన్నంతసేపూ ఇంట్లో ఇంకొక మనిషి ఉండాలి.

ఇప్పటి ఇథనాల్ పెట్రోల్ వల్ల పాత ఇంజన్‌కు ఏమవుతుంది?

బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత బండ్ల రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పెట్రోల్ గొట్టాలు, కార్బురేటర్ గాస్కెట్లు, పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) ఉబ్బి, తర్వాత పగలవచ్చు. కార్బురేటర్ మారుతిలో ఇంజన్‌కు తగిలించి ఉండే పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేరుగా ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోల్ వాసన వస్తే స్టార్ట్ చేయకుండా పంపు, ఆయిల్ రెండూ మార్చండి. ఇంజన్ పని చేసేటప్పుడే ఈ రబ్బరు సామాన్లన్నీ కొత్త పెట్రోల్‌కు సరిపోయేవి వేసేయండి. నెలల తరబడి బండి నిలబెడితే కార్బురేటర్ ఖాళీ చేయండి.

అన్నీ బిగించాను. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు?

కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయండి. ప్లగ్‌లు, కాయిల్ వైరు పెట్టకుండా సెల్ఫ్ కొట్టి ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పండి. అప్పుడు మిగతావి తగిలించి స్టార్ట్ చేయండి. రేడియేటర్ మూత ముందే తీసి ఉంచి కూలెంట్‌లోని గాలి పోనివ్వండి, హీటర్ ఉంటే తెరిచి ఉంచండి. టెన్షన్ పడి గట్టిగా రేజ్ చేయకండి. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా పక్కనే నిలబడి లీకులు చూడండి. పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం మళ్లీ చూడండి.

రింగులు మార్చిన బండి అయితే మొదటి వెయ్యి కిలోమీటర్లు ఒకే వేగంతో లాగకండి. వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపండి, నిండు లోడుతో ఘాట్ ఎక్కకండి. ఆ వెయ్యి లోపే ఒకసారి ఆయిల్ మార్చండి. మొదట్లో మామూలు మినరల్ ఆయిల్ వాడితే రింగులు బాగా కూర్చుంటాయి.

ఇంజన్ పని చేస్తే ఆర్‌సీలో ఏమైనా మార్చాలా?

హెడ్, పిస్టన్లు, బోర్ చేయించినంత మాత్రాన ఏమీ మార్చక్కర్లేదు. ఇంజన్ నంబరు బ్లాకు మీద ఉంటుంది. బ్లాకే మార్చినా, వేరే ఇంజన్ పెట్టినా నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీవో ఆఫీసులో నమోదు చేయించాలి. ఆ సెకండ్ హ్యాండ్ ఇంజన్ బిల్లు, అది ఏ బండిదో ఆ కాగితాలు లేకుండా కొనకండి. ఓడీ 10 (కోరాపుట్), ఓడీ 18 (రాయగడ) నంబర్ల బండ్లు ఘాట్ దిగి ఆంధ్రాలోకి రోజూ వస్తుంటాయి. చెక్‌పోస్టులో నంబరు కలవకపోతే ఇబ్బంది మీదే.

పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ ఫారం 25తో రెన్యువల్ చేయించాలి, అది ఐదేళ్లకు ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. రెన్యువల్ గడువు దగ్గరలో ఉంటే ఇంజన్ పని ముందుగా ముగించి, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకుని, అప్పుడు తనిఖీకి తీసుకెళ్లండి.

తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

పెరట్లో, కాలువలో పోయకండి. కంచెకు, దూలాలకు చెదలు పట్టకుండా రాసే అలవాటు ఉంది, అదీ మానండి. వానకు కొట్టుకుపోయి బావిలోకే చేరుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవాళ్లకు అమ్మే షెడ్డులో ఇచ్చేయండి. చాలామంది ఊరికే తీసుకుంటారు. కూలెంట్‌ను మాత్రం ఆ డబ్బాలో కలపకండి. కలిపితే ఆ ఆయిల్‌ను ఎవరూ తీసుకోరు.